సైబర్ సెక్యూరిటీ ప్రొఫెసర్ కావాలనుకుంటున్నారా? వెప్‌తో మొదలుపెడతాను

నా పీహెచ్‌డీలో మొదటి ఏడాదిన్నర పని ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఈ ఉద్యోగంలోకి రావాలనుకునే పిల్లలు సలహా అడిగినప్పుడల్లా ముందు ఆ సంగతే చెబుతాను.

2003లో నేను పట్టుకున్న అంశం వెప్. వైఫైకి తొలిరోజుల్లో వేసిన తాళం అది. దాని కీని ఎలా లాగొచ్చో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు 2001లోనే చూపించేశారు. అయితే ఏం, దాన్ని నేను బాగుచేసి చూపిస్తానని కూర్చున్నాను. 2004లో వైఫై భద్రతకు 802.11ఐ అనే కొత్త ప్రమాణం వచ్చింది. పాత తాళానికి మరమ్మతు చేసే అవసరమే లేకుండా పోయింది. నేను ఏడుపు మొహంతో వెళ్తే మా గైడ్ ఓదార్చలేదు. “రేపు వెప్ ఉన్న పెట్టె ఒక్కటీ మిగల్లేదనుకో. అప్పుడు నీ దగ్గర ఏం ప్రశ్న మిగులుతుంది?” అని అడిగి, జవాబు దొరికాక రమ్మన్నారు.

దొరకడానికి పది రోజులు పట్టింది. వెప్‌లో ప్రతి ప్యాకెట్‌కీ మారాల్సిన అంకె ఒకటి ఉంటుంది. దాని పొడవు 24 బిట్లు, అంటే 1,67,77,216 విలువలు. వినడానికి చాలా ఎక్కువే అనిపిస్తుంది కానీ, రద్దీగా ఉండే నెట్‌వర్క్‌లో కొన్ని గంటల్లో అవన్నీ అయిపోయి పాతవే తిరిగొస్తాయి. అదే కీతో అదే అంకె రెండోసారి వచ్చిందంటే రెండు సందేశాలకీ ఒకే ముసుగు వేసినట్టే. ఆ రెంటినీ పక్కపక్కన పెడితే ముసుగు కొట్టుకుపోతుంది. మరి “ఒక్కసారే వాడాలి” అని స్పష్టంగా తెలిసిన విలువను ఇంజనీర్లు రెండోసారి వాడే పరిస్థితి ఎందుకొస్తుంది? నాకు మిగిలిన ప్రశ్న అది. థీసిస్ దాని మీదే రాశాను.

2010లో ప్లేస్టేషన్ 3 గేమ్ కన్సోల్ సంతకం కీ, అంటే సాఫ్ట్‌వేర్ అసలైనదేనని ముద్ర వేసే రహస్య కీ, బయటపడింది. ప్రతి సంతకానికీ కొత్తగా తీయాల్సిన యాదృచ్ఛిక సంఖ్యను మార్చకుండా వాడటమే కారణం. 2017లో బెల్జియంలోని కేయూ లూవెన్ విశ్వవిద్యాలయంలో మాథీ వాన్‌హూఫ్ వైఫై మీద క్రాక్ దాడిని చూపించారు. వెప్ స్థానంలో వచ్చిన డబ్ల్యూపీఏ2లోనే, వాడుతున్న కీని మళ్లీ కొత్తగా పెట్టించేలా చేస్తే లెక్క మొదటికొచ్చి అవే విలువలు తిరిగి వాడబడుతున్నాయి. ఆ పేపర్ చదివిన రోజు మా గైడ్‌కి ఫోన్ చేశాను. ఆయన అప్పటికి రిటైరయ్యారు. “నీ ప్రశ్న ఇంకా బతికే ఉందన్నమాట” అన్నారు.

అంశం ఎంచుకునేటప్పుడు మీరూ ఈ పరీక్ష పెట్టుకోండి. మీ ప్రతిపాదనలో ఉన్న ప్రోడక్టుల పేర్లు, వెర్షన్ నంబర్లు అన్నీ కొట్టేసి మళ్లీ చదవండి. అర్థవంతమైన వాక్యం ఒకటైనా మిగిలితే ముందుకెళ్లండి. ఏమీ మిగలకపోతే అది ఆరు నెలల ఉద్యోగపు పని. ఐదేళ్ల పరిశోధనకు చాలదు.

అర్హతలు

దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. పీహెచ్‌డీ తప్పనిసరి. అది కంప్యూటర్ సైన్స్‌లో కావచ్చు, ఎలక్ట్రానిక్స్‌లో కావచ్చు, గణితంలోనూ కావచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్‌లు, కంపైలర్లు బాగా రావాలి. సీ భాషలో రాయడం, అసెంబ్లీ చదవడం చేతనవ్వాలి. పరిశ్రమ ఇచ్చే సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా మంచిదే కానీ, ప్రొఫెసర్ ఎంపికలో వాటిని పెద్దగా ఎవరూ లెక్కపెట్టరు. ఒకటి రెండేళ్లు బయట ఉద్యోగం చేసి వస్తే మాత్రం చాలా లాభం. ఒక ప్యాచ్ వేయడానికి ఎంతమంది సంతకాలు కావాలో కళ్లారా చూసినవాళ్లు, “వెంటనే అప్‌డేట్ చేసుకోవాలి” అని పేపర్ చివర్లో తేలిగ్గా రాసేయరు.

జీతం సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. మీ దగ్గర చదివిన పిల్లలు మొదటి ఉద్యోగంలోనే మీకన్నా ఎక్కువ సంపాదిస్తారు. కొందరు పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి వెళ్లిపోతారు. అది మనసుకు పట్టేటట్టయితే ఈ దారిలోకి రాకండి.

ఇంజనీరింగ్ అనే మాట ఎందుకుంది

సైబర్ సెక్యూరిటీ అనగానే చాలామందికి కనబడేది చొరబాటు. మా కోర్సు పేరులో చివర ఇంజనీరింగ్ అని ఉంది. అంటే దాడి జరగబోయే వ్యవస్థను ముందే కట్టడం, రక్షణ తెగినా కొంత పని నడిచేలా కట్టడం. ఈ తేడా నాకు పుస్తకాల్లో కన్నా ఒక నీటిశుద్ధి కేంద్రంలో బాగా అర్థమైంది.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు అక్కడికి సలహాదారుగా వెళ్లాను. కంట్రోల్ రూమ్ తెరకు పాస్‌వర్డ్ లేదు. మూడుసార్లు తప్పు కొడితే లాక్ అయిపోయేలా పాస్‌వర్డ్ పెట్టండని రాసిచ్చాను. అక్కడి సీనియర్ ఇంజనీర్ కాగితం పూర్తిగా చదివి అడిగారు: “సార్, ఒత్తిడి పెరిగి అలారం మోగుతుంటే ఆపరేటర్ చేతులు వణుకుతాయి. మూడుసార్లు తప్పు కొడతాడు. అప్పుడు వాల్వ్ ఎవరు మూస్తారు? మీరొస్తారా?” నా దగ్గర జవాబు లేదు. చివరికి ఇద్దరం కూర్చుని, తెరను తెరిచే ఉంచి గది తలుపుకు తాళం వేసే ఏర్పాటు చేశాం. వాల్వును పూర్తిగా తెరిచే ఆదేశానికి మాత్రం రెండో మనిషి ఒప్పుకోలు పెట్టాం.

అలాంటి చోట్ల యంత్రాలకు ఆదేశాలు పంపడానికి ఇప్పటికీ నడిచే మోడ్‌బస్ ప్రోటోకాల్ 1979 నాటిది. ఆదేశం ఎవరు పంపారో అడిగే అలవాటు దానికి లేదు. దాన్ని తీసి పారేయమని చెప్పడం తేలిక. కానీ అది నడిచే పరికరం ఇరవై ఏళ్లు పనిచేయాలని కొన్నది, ప్లాంటును ఆపేది ఏడాదికి ఒకటి రెండుసార్లు. అందుకని మెకానికల్, ఎలక్ట్రికల్ విభాగాల వాళ్లతో ముందు నుంచీ స్నేహం చేయండి. ఇరాన్ అణుకేంద్రంలో యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాలను పాడుచేసిన, 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ ఎలా పనిచేసిందో మా ఇంటర్నెట్ ప్రపంచంలోనే ఉన్నవాళ్లు సగమే చెప్పగలరు. సెంట్రిఫ్యూజ్ వేగం మారితే లోహానికి ఏమవుతుందో తెలిసినవాళ్లు మిగతా సగం చెబుతారు.

పేపర్లు

మా రంగంలో పెద్దపీట కాన్ఫరెన్సులది. ఐఈఈఈ సెక్యూరిటీ అండ్ ప్రైవసీ, యూజ్‌నిక్స్ సెక్యూరిటీ, ఏసీఎం సీసీఎస్, ఎన్‌డీఎస్‌ఎస్ అనే నాలుగింటిని అందరూ కలిపి చెబుతారు. పంపిన ఐదింటిలో సుమారుగా ఒకటి తీసుకుంటారు, కొన్నిసార్లు అంతకన్నా తక్కువ. నా మొదటి మంచి పేపర్ మూడుసార్లు రిజెక్టయింది. మూడోసారి వచ్చిన రివ్యూ చాలా కటువుగా ఉంది కానీ, దాడి చేసేవాడి చేతిలో ఏముందని మేం అనుకుంటున్నామో ఎక్కడా రాయలేదని తప్పు పట్టింది అదొక్కటే. ఆ ఒక్క పేరా రాశాక పేపర్‌ను తీసుకున్నారు. అందుకే మా విద్యార్థుల చేత ముందు ఆ పేరానే రాయిస్తాను: వాడు ఏం చూడగలడు, ఏం మార్చగలడు, ఏం చేయలేడు. ఇది తేలకుండా కోడ్ మొదలుపెట్టనివ్వను.

ప్రమోషన్ కమిటీలో కూర్చునేవాళ్లు ఇతర విభాగాల నుంచి వస్తారు. వాళ్లకు జర్నల్ అంటేనే లెక్క. మీ దరఖాస్తులో ఈ కాన్ఫరెన్సుల సంగతి నాలుగు వాక్యాల్లో వివరించండి. దీన్ని నేను చిన్నతనంగా భావించి మానేసి ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

తప్పు దొరికాక ఏం చేయాలి

ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. ఎవరో అమ్ముతున్న వస్తువులో లోపం కనిపెట్టారు. అది నిజం, మీ దగ్గర రుజువుంది. ఇప్పుడు మీరు ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలి?

మాకు ఒక తలుపు కార్డ్ రీడర్‌లో లోపం దొరికింది. ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో భద్రతా లోపాలు చెప్పడానికంటూ చిరునామా లేదు. కస్టమర్ సర్వీసుకు రాశాను. వారంటీ కార్డు ఫొటో పంపమని జవాబు వచ్చింది. రెండోసారి కాస్త గట్టిగా రాశాను. ఈసారి లాయర్ నుంచి ఉత్తరం వచ్చింది. అది చూసిన విద్యార్థిని ఆ రాత్రి నిద్రపోలేదు, నేనూ పోలేదు. తప్పంతా వాళ్లదే అనను. నా రెండో ఉత్తరంలో కాన్ఫరెన్స్ తేదీ చెప్పాను, లోపం ఏమిటో మాత్రం సరిగ్గా చెప్పలేదు. బయటివాళ్లు చదివితే అది బెదిరింపులాగే ఉంటుంది.

ఇప్పుడు పద్ధతి మార్చుకున్నాను. వస్తువును మా డబ్బుతో, బిల్లుతో కొంటాం. పరీక్షలు దాని మీదే చేస్తాం. ఇంకొకరి తలుపు ముట్టుకోం. మొదటి రోజు నుంచీ తేదీలతో నోట్‌బుక్ రాస్తాం. అనుమానం బలపడగానే, అంటే రుజువుకు ముందే, విశ్వవిద్యాలయ న్యాయ విభాగంలో ఒకరికి చెప్పి ఉంచుతాను. లాయర్ ఉత్తరం వచ్చాక మొదటిసారి పరిచయం చేసుకోవడం మంచి పద్ధతి కాదు. తర్వాత కంపెనీకి రాసే ఉత్తరంలో మొదటి పేరాలోనే లోపం, దాన్ని మళ్లీ చేసి చూసుకునే విధానం, మేం అడుగుతున్నది ఏమీ లేదన్న మాట రాస్తాం. గడువు సంగతి చివర్లో. జవాబు రాకపోతే సెర్ట్ సమన్వయ కేంద్రం లాంటి మధ్యవర్తి దగ్గరికి వెళ్తాం. అది 1988లో మోరిస్ పురుగు (ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రామ్) ఇంటర్నెట్‌ను కుదిపేశాక కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. సాధారణంగా 45 రోజుల తర్వాత బయటపెట్టడం వాళ్ల విధానం. గూగుల్‌లో లోపాలు వెతికే బృందం ప్రాజెక్ట్ జీరో 90 రోజులిస్తుంది. హార్డ్‌వేర్ విషయంలో నేను ఇంకా ఎక్కువే ఇస్తాను. గోడకు బిగించిన రీడర్లను ఒక్కొక్కటిగా మార్చడానికి మనుషులు నిచ్చెనలేసుకుని తిరగాలి.

కోర్టు దాకా వెళ్లినవీ ఉన్నాయి. 2008లో, తలుపులకీ బస్సు టికెట్లకీ వాడే మైఫేర్ క్లాసిక్ కార్డు మీద రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల పేపర్‌ను ఆపాలని చిప్ తయారీదారు ఎన్‌ఎక్స్‌పీ కోర్టుకెళ్లింది. నెదర్లాండ్స్ కోర్టు ఒప్పుకోలేదు. 2013లో కార్ల తాళాల్లో ఉండే మెగామోస్ చిప్ మీద పేపర్‌ను ఫోక్స్‌వాగన్ అడిగిన మీదట బ్రిటన్ కోర్టు ఆపింది. అది చివరికి 2015లో అచ్చయింది. రెండు పనుల్లోనూ పరిశోధకులు సమర్థులే. పేపర్ రెండేళ్లు ఆగిపోతే దాని మీద పనిచేసిన విద్యార్థి పట్టా ఏమవుతుందో ముందే ఆలోచించి పెట్టుకోండి. అందుకే నా విద్యార్థుల్లో ఎవరి థీసిస్సూ ఒకే కంపెనీ వస్తువు మీద నిలబడకుండా చూస్తాను.

మనుషుల మీద ప్రయోగాలు చేస్తున్నామని తెలియకుండానే చేసేయడం ఇంకో ప్రమాదం. 2020లో ఒక విశ్వవిద్యాలయ పరిశోధకులు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌కు కావాలనే లోపాలున్న ప్యాచ్‌లు పంపి, నిర్వాహకులు పట్టుకుంటారా లేదా అని చూశారు. 2021లో నిర్వాహకులు ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే మార్పులు ఏవీ తీసుకునేది లేదన్నారు. పేపర్‌ను ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. వాళ్ల పరిశోధన కోడ్ గురించే కావచ్చు, ఆ కోడ్ సరిచూడటానికి సాయంత్రాలు ఖర్చుపెట్టింది మనుషులు. ప్రతి ప్రతిపాదన మీదా నేను రాసే ప్రశ్న ఒకటుంది: ఇది జరుగుతోందని తెలిస్తే ఎవరికి కోపం రావచ్చు? పేరో, హోదానో రాయమంటాను. “ఎవరికీ రాదు” అని రాస్తే ప్రతిపాదన వెనక్కి.

పాఠం చెప్పడం

టూల్స్ నేర్పకండి అనను. టూల్ ఆదేశాల మీద పరీక్ష పెట్టకండి అంటాను. నా సిలబస్‌లో మొదటి నుంచీ మారనిది సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లో రాసిన ఎనిమిది సూత్రాలు. అనుమతి కనీసంగా ఇవ్వడం, డిఫాల్టుగా కాదనడం లాంటివి. ఆ పక్కనే 1988 నాటి మోరిస్ పురుగు పెడతాను. అది వాడుకున్న దారుల్లో ఒకటి ఫింగర్ ప్రోగ్రామ్. 512 బైట్ల చోటులోకి ఎంత వస్తుందో లెక్కచూడని గెట్స్ ఫంక్షన్ అందులో ఉంది. ఆ ఫంక్షన్‌ను సీ భాష ప్రమాణం నుంచి తీసేసింది 2011లో. “ఇరవైమూడేళ్లు ఎందుకు పట్టింది?” అని అడిగి గంటసేపు మాట్లాడనిస్తాను. మంచి జవాబులు కోడ్ బాగా రాసేవాళ్ల నుంచే వస్తాయని లేదు. (ఆ పురుగు రాసిన విద్యార్థి తర్వాత ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యారని చెబితే క్లాసు లేచి కూర్చుంటుంది. దాన్ని కెరీర్ సలహాగా తీసుకోవద్దని కూడా చెప్పాలి.)

ల్యాబ్ అంతా మూసిన నెట్‌వర్క్‌లో ఉండాలి. నేను దీన్ని ప్రింటర్ల వల్ల నేర్చుకున్నాను. మొదటి సెమిస్టర్‌లో, నెట్‌వర్క్‌లో ఏ పరికరాలు ఏం నడుపుతున్నాయో వెతికే ఎన్‌మ్యాప్ అనే టూల్ చూపిస్తున్నాను. వెర్షన్ కనుక్కునే స్కాన్‌లో అది 9100 నుంచి కొన్ని పోర్టులను తనంతట తానే వదిలేస్తుంది. ఎందుకంటే చాలా ప్రింటర్లు అక్కడికి ఏం వచ్చినా అచ్చువేసేస్తాయి. ఒక తెలివైన అబ్బాయి మాన్యువల్ పూర్తిగా చదివి, ఆ మినహాయింపును తీసేసే ఆప్షన్ పెట్టాడు. నేను ల్యాబ్ స్విచ్‌ను క్యాంపస్ నెట్‌వర్క్ నుంచి విడదీయడం మరిచిపోయాను. పదిహేను నిమిషాల్లో అకౌంట్స్ ఆఫీసు నుంచి ఒక పెద్దావిడ గుత్తెడు కాగితాలు చేత్తో పట్టుకుని క్లాసులోకి వచ్చారు. ప్రతి పేజీ మీదా ఒక అర్థంలేని వరుస. “ఇదేనా మీరు నేర్పేది?” అని అడిగారు. అబ్బాయిని ఏమీ అనలేదు. తప్పు నాది. ఇప్పుడు ప్రతి ల్యాబ్‌కూ ముందు కేబుల్ ఊడదీసి విద్యార్థులకు చూపిస్తాను. క్యాంపస్ ఐటీ వాళ్ల ఫోన్ నంబరు బోర్డు మీద రాస్తాను. వాళ్లకు ముందురోజే చెప్పి ఉంచుతాను. మీరు చేరబోయే చోట మొదటి వారంలో పరిచయం చేసుకోవాల్సినవాళ్లు డీన్ కన్నా ముందు వీళ్లే.

ల్యాబ్‌లు అన్నీ మీరే తయారుచేయాలని పంతం వద్దు. సిరాక్యూస్ విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన సీడ్ ల్యాబ్స్ ఉచితంగా దొరుకుతాయి. వాటితో మొదలుపెట్టి, రెండో ఏడు నుంచి మీవి ఒక్కొక్కటి కలుపుకోండి.

పరీక్షలో నేనిచ్చేది రెండు పేజీల వర్ణన. ఒక లిఫ్ట్, దాని మరమ్మతు మనిషి, అతని ల్యాప్‌టాప్, దూరంగా ఉన్న సర్వర్. ఇందులో ఎవరు ఎవరి మాటను చూడకుండా నమ్ముతున్నారో గుర్తించి, ఒకే ఒక మార్పు చేయడానికి డబ్బుంటే దేన్ని మారుస్తారో, దేన్ని వదిలేస్తారో రాయాలి. వదిలేసినదానికి కారణం బాగా రాసినవాళ్లకే ఎక్కువ మార్కులు. పేపర్లు దిద్దడం నరకం. అయినా మార్చలేదు.

ఇంటర్వ్యూ

లైవ్ డెమో పెట్టుకోకండి. నాది కమిటీ ముందు ఆగిపోయింది. నాలుగు నిమిషాలు “ఇప్పుడొస్తుంది” అంటూ నిలబడ్డాను. అర నిమిషం వీడియో చాలు. వినేవాళ్లలో మీ రంగం వాళ్లు ఇద్దరుంటే ఎక్కువ. మొదటి పది నిమిషాలు మిగతావాళ్లకు అర్థమవ్వాలి. వచ్చే ఐదేళ్లలో ఏం చేస్తారని తప్పకుండా అడుగుతారు. ప్రోడక్టుల పేర్లు కొట్టేసిన ఆ వాక్యం అక్కడ చెప్పండి. ఎంపిక కమిటీలో కూర్చున్నప్పుడు నేను వినాలనుకునేది అదే.

గ్రాంట్ల గురించి రెండే మాటలు. మొదటి ప్రపోజల్ ఒంటరిగా రాయకండి. సీనియర్ ఎవరితోనైనా రెండో పేరుగా చేరి, బడ్జెట్ పేజీ మీరు తీసుకోండి. ఎక్కువగా నేర్చుకునేది ఆ పేజీ రాసేటప్పుడే. పరికరాలు కొనడానికే కాకుండా వాటిని చూసుకునే మనిషికి కూడా అందులో జీతం పెట్టండి.

సెమిస్టర్‌కు ముందు రెండు వారాలు

ప్రతిసారీ ల్యాబ్‌లన్నీ కొత్త మెషిన్‌లో మొదటి నుంచి నేనే చేసి చూస్తాను. దీన్ని టీచింగ్ అసిస్టెంట్లకు వదిలేయను. ఒక ఏడాది సగం క్లాసు ఆర్మ్ ప్రాసెసర్ ల్యాప్‌టాప్‌లతో వచ్చింది. పాత వర్చువల్ మెషిన్ వాటిల్లో లేవనే లేదు. అసైన్‌మెంట్లన్నీ సర్వర్ మీదికి మార్చేసరికి నెల గడిచిపోయింది. ఇంకో ఏడాది, ఎప్పుడూ పనిచేసే బఫర్ ఓవర్‌ఫ్లో (చోటుకు మించి డేటా నింపి చేసే దాడి) ల్యాబ్ ఒక్కసారిగా మొరాయించింది. రెండు రోజులు నా కోడ్‌లోనే తప్పు వెతికాను. చివరికి చూస్తే కొత్త కంపైలర్ ఆ దాడిని ఆపే స్టాక్ రక్షణను ఎవరూ అడక్కుండానే చేర్చేస్తోంది. నేను ఏళ్ల తరబడి క్లాసులో కావాలని చెబుతూ వచ్చిన రక్షణే అది. దాన్ని ఆపేసే ఆప్షన్ ఎక్కడుందో కనుక్కుని ల్యాబ్ కాగితంలో చేర్చాను. దాని కింద, ఆ ఆప్షన్ లేకుండా ఇదే దాడి ఎందుకు ఆగిపోయిందో వివరించమని రెండో ప్రశ్న రాశాను. పది మార్కులు.